గాలివానకు నిలిచే బరకం గుడారం

పిల్లలూ! కళ్లంలో వడ్లరాశి మీద కప్పే బరకాన్ని మీరందరూ చూసే ఉంటారు. కొన్ని ఊళ్లలో దాన్ని పట్టా అంటారు, కొన్నిచోట్ల టార్పాలిన్ అంటారు. ఒక బరకం, కాస్త తాడు, రెండు వెదురు కర్రలు, కొన్ని మేకులు ఉంటే చాలు, ఆరుబయట ఒక రాత్రి హాయిగా గడపవచ్చు. అయితే కట్టే పద్ధతి తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో ముందుగా నా అనుభవమే చెబుతాను.

సుమారు ఇరవై ఏళ్ల కిందట దసరా సెలవుల్లో మా బడి స్కౌట్లను పన్నెండు మందిని వెంటబెట్టుకుని తూర్పు గోదావరి మన్యం అంచున ఉన్న ఒక జీడిమామిడి తోటకు వెళ్లాను. మా దగ్గర 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న బరకం ఉంది. దాన్ని నాలుగు చెట్లకు పెళ్లిపందిరిలాగా చదునుగా, డప్పులా బిగించి కట్టాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషించాను.

అర్ధరాత్రి వాన వచ్చింది. కాసేపటికి బరకం నడుమ కడుపులాగా కిందికి ఉబ్బింది. ఒక కుర్రవాడు కర్రతో దాన్ని పైకి నెట్టాడు. నీళ్లన్నీ ఒక్కసారిగా రెండో పక్కకు దొర్లాయి. ఆ మూల ఉన్న ఇత్తడి కన్నం చిరిగింది. అంతే, ఆ నీరంతా నిద్రపోతున్న పిల్లల మీద కుమ్మరించినట్లు పడింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు గాని, సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చబడి ఉన్న ఒక పిల్లవాడు తడిబట్టలతో తెల్లవార్లూ వణికిపోయాడు. వాడి పక్కన కూర్చుని ఉన్నంతసేపూ నాకు తల కొట్టేసినట్లయింది. ఎందుకంటే ఆ నెలలోనే బలాల విభజన గురించి వాళ్లకు పాఠం చెప్పాను. నల్లబల్ల మీద గీసిన బాణం గుర్తులు తోటలో నాకే గుర్తుకు రాలేదు!

పొద్దున్నే తోట కాపలాదారు వచ్చి మా పందిరిని చూశాడు. "పందిరి ఎండకండీ మేష్టారూ, వానకు కాదు. పడిన నీళ్లు ఎటు పోవాలండీ?" అన్నాడు. తరువాత మా పిల్లలతో కలిసి ఆ బరకాన్నే మరోలా కట్టి వెళ్లాడు. ఆ రాత్రి కూడా వాన పడింది, గాలీ వీచింది. కాని లోపల నేల తడవలేదు. జ్వరం వచ్చిన పిల్లవాడు హాయిగా నిద్రపోయాడు.

ఆ ముసలాయన వేసిన ప్రశ్ననే మూడుసార్లు వేసుకుంటే గుడారం శాస్త్రమంతా అందులోనే ఉంది. పడిన నీరు ఎటు పోవాలి? తగిలిన గాలి ఎటు పోవాలి? తాడు మీద పడిన లాగుడు ఎటు పోవాలి? ఈ మూడింటికీ దారి చూపించిన గుడారమే నిలుస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

నీటికి దారి

చదరపు మీటరు స్థలం మీద 1 మిల్లీమీటరు వాన పడితే ఆ నీరు సరిగ్గా 1 లీటరు అవుతుంది. 1 లీటరు నీటి బరువు 1 కిలో. మా బరకం వైశాల్యం 6 × 4 = 24 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడి ఎటూ పోకుండా నిలిచిందనుకోండి. ఎంత నీరు? 240 లీటర్లు. అంటే 240 కిలోలు. నలుగురు పెద్దమనుషులు బరకం ఎక్కి కూర్చున్నట్లన్నమాట!

ఇందులో మరొక చిక్కు ఉంది. కాస్త నీరు నిలిస్తే ఆ బరువుకు బరకం కొంచెం కుంగుతుంది. కుంగినచోటికి చుట్టుపక్కల నీరు చేరుతుంది. బరువు పెరిగి ఇంకా కుంగుతుంది. ఇంకా నీరు చేరుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందువల్ల ఎంత బిగించి కట్టినా చదును బరకం పెద్ద వానకు నిలవదు. మొదటి చుక్క నుంచీ నీరు జారిపోవాలి. అందుకు వాలు కావాలి.

వాలు ఎంత ఉండాలి? మన తాటాకు ఇళ్ల పైకప్పులు చూడండి. వాటి వాలు బాగా నిటారుగా ఉంటుంది. నీరు ఆకులోకి ఇంకేలోపలే జారిపోవాలని మన పెద్దలు అలా కట్టారు. బరకానికి కూడా 30 డిగ్రీలకు తగ్గకుండా, వాన గట్టిగా పడే కాలంలో 45 డిగ్రీల దాకా వాలు ఇవ్వడం మంచిది.

నూలు కాన్వాసు గుడారంలో ఇంకొక వింత ఉంది. దాని నేతలో సన్నని రంధ్రాలు ఉన్నా వాన లోపలికి కారదు. తడిసిన నూలుపోగులు ఉబ్బి రంధ్రాలను చిన్నవి చేస్తాయి. మిగిలిన సందులలో నీటి తలతన్యత ఒక సన్నని పొరలాగా నీటిని ఆపుతుంది. కాని లోపలి నుంచి వేలితో తాకారో, ఆ పొర తెగి, వేలు పెట్టినచోట నీరు కారడం మొదలవుతుంది. "తడిసిన గుడారాన్ని తాకకండి" అని స్కౌట్లకు చెప్పేది ఇందుకే. ఇప్పుడు మనకు దొరికే ప్లాస్టిక్ బరకాలకు ఈ బెడద లేదు. పాలిథీన్ పట్టీలను బట్టలాగా నేసి, రెండు వైపులా పాలిథీన్ పూత పూస్తారు కాబట్టి వాటిలో రంధ్రాలు ఉండవు. పూర్వం ఓడలవాళ్లు కాన్వాసుకు తారు పూసి వాడేవారు. టార్పాలిన్ అనే ఇంగ్లీషు పేరులోని మొదటి ముక్క ఆ తారే.

నీరు మరొక దొంగదారిన కూడా లోపలికి వస్తుంది. అది తాడు! రెండు చెట్ల మధ్య కట్టిన తాడు తడిసినప్పుడు నీరు దాన్ని అంటిపెట్టుకుని పల్లానికి నడుస్తుంది. చెట్టు దగ్గర తాడు ఎత్తుగా ఉంటే నీరు తిన్నగా గుడారంలోకి వచ్చి మీ తల మీద బొట్లుబొట్లుగా పడుతుంది. దీనికి మందు చాలా సులభం. బరకం అంచుకు జానెడు దూరంలో, బయటవైపు, తాడుకు ఒక దారం ముక్క కట్టి వేలాడదీయండి. నీరు ఆ దారం వెంట కిందికి దిగి బయటే కారిపోతుంది.

లాగుడుకు దారి

తాడు ఎంత బిగిస్తే అంత బలం అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. ఎందుకో చూడండి.

4 మీటర్ల దూరంలో ఉన్న రెండు చెట్లకు అడ్డంగా ఒక తాడు కట్టి, సరిగ్గా నడుమ 10 కిలోల బరువు వేలాడదీశామనుకుందాం. తాడు నడుమ కొంత కుంగుతుంది. ఆ బరువును పైకి మోయవలసింది తాడు రెండు సగాలే. తాడులోని లాగుడును తన్యత అంటారు. తాడు వాలుగా ఉంటే తన్యతలో ఎక్కువ భాగం పైకి లాగుతుంది. తాడు దాదాపు అడ్డంగా ఉంటే తన్యతలో అతి కొద్ది భాగమే బరువును మోయడానికి పనికివస్తుంది. మిగతాదంతా చెట్లను ఒకదానివైపు ఒకటి లాగడానికే ఖర్చవుతుంది. లెక్క ఇలా ఉంటుంది:

తాడు నడుమ 115 సెంటీమీటర్లు కుంగితే (30 డిగ్రీలు), తన్యత 10 కిలోల బరువుతో సమానం.
35 సెంటీమీటర్లు కుంగితే (10 డిగ్రీలు), సుమారు 29 కిలోలు.
17 సెంటీమీటర్లు కుంగితే (5 డిగ్రీలు), సుమారు 57 కిలోలు.
మూడున్నర సెంటీమీటర్లే కుంగితే (1 డిగ్రీ), సుమారు 286 కిలోలు!

చూశారా! వేలాడదీసింది 10 కిలోలే. కాని తాడును బిగించి తిన్నగా ఉంచాలని చూసేకొద్దీ అందులో లాగుడు ఎన్నో రెట్లు పెరిగింది. తాడును పూర్తిగా తిన్నగా ఉంచాలంటే ఎంత లాగినా చాలదు. డప్పులా బిగించిన మా బరకం మూల చిరగడానికి కారణం ఇదే. కాబట్టి తాడు వదులుగా వేలాడకూడదు, తీగలా మోగనూ కూడదు. అరచేత్తో నొక్కితే కాస్త లొంగాలి.

నార తాళ్లు, నూలు తాళ్లు తడిసినప్పుడు పోగులు ఉబ్బి పొట్టివవుతాయి. సాయంత్రం బిగించిన తాడు రాత్రి వానకు మరింత బిగిసి మేకును పెరికేస్తుంది. అందుచేత అలాంటి తాళ్లను పడుకునే ముందు కొద్దిగా వదులు చేయాలి. నైలాను తాడు దీనికి వ్యతిరేకం. తడిస్తే సాగుతుంది. దాన్ని వాన మొదలయ్యాక ఒకసారి బిగించాలి.

ఇప్పుడు మేకు సంగతి. తాడులోని లాగుడంతా చివరికి నేలలోకి పోవాలి. ఆ పని చేసేది మేకు. దాని తల గుడారానికి ఎదురు దిక్కుకు వాలేటట్లు దిగగొట్టాలి. తాడును మేకు తలకు కాక నేలకు ఆనినట్లుగా కట్టాలి. పైన కడితే మేకు తులాదండంలాగా పనిచేసి తనను తానే పెళ్లగించుకుంటుంది. గుడారం కర్ర ఎంత ఎత్తు ఉందో, కర్ర నుంచి మేకు కనీసం అంత దూరంలో ఉండాలి. దగ్గరగా కొడితే తాడు మేకును పైకి లాగుతుంది. దూరంగా కొడితే పక్కకు లాగుతుంది. పక్క లాగుడును ఆపడం మట్టికి సులభం.

ఇసుక నేలలో మేకు నిలవదు. అప్పుడు ఒక సంచిని ఇసుకతో నింపి, నడుముకు తాడు కట్టి, మోచేతిలోతు గోతిలో అడ్డంగా పూడ్చండి. దాని మీద ఉన్న ఇసుక బరువే మీ మేకు.

బరకం కన్నం ఊడిపోతే దిగులుపడనక్కరలేదు. ఒక నున్నని గులకరాయిని బరకం అంచులో పెట్టి, దాని వెనుక గుడ్డను మెడలాగా పట్టి తాడుతో కట్టండి. కన్నం దగ్గర లాగుడంతా ఒక చిన్న అంచు మీద పడుతుంది. రాయి కడితే అదే లాగుడు రాయి చుట్టూ ఉన్న మడతలన్నిటికీ పంచబడుతుంది. మొన్నటిదాకా చిరిగిన మూల ఇప్పుడు నిలుస్తుంది. మా కాపలాదారు చేసిన మొదటి పని అదే.

గాలికి దారి

గాలికి బరువు లేదనుకుంటాం. ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. అది పరుగెత్తుకొచ్చి బరకాన్ని తాకితే ఎంత నెడుతుంది? గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరునూ సుమారు 6 కిలోల బరువుతో సమానమైన బలంతో నెడుతుంది. మరి గాలి వేగం రెండింతలై 72 కిలోమీటర్లు అయితే? 12 కిలోలు అనుకున్నారా? కాదు, 24 కిలోలు! గాలి నెట్టుడు వేగానికి కాదు, వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 6 చదరపు మీటర్ల బరకం గాలికి ఎదురుగా గోడలా నిలబడితే మొదటి గాలికి 36 కిలోలు, రెండో గాలికి 144 కిలోలు మోయాలన్నమాట.

కాబట్టి గాలికి గోడ కట్టకూడదు, వాలు చూపించాలి. గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి కడితే గాలి ఆ వాలు మీదుగా ఎక్కి అవతలికి దాటిపోతుంది. అంచు పైకి ఉంటే గాలి కిందినుంచి దూరి బరకాన్ని గొడుగులాగా ఎత్తేస్తుంది. గాలివానలో గొడుగు తిరగబడటం మీకు తెలిసినదే. నోరు తెరిచిన వైపు ఎప్పుడూ గాలికి వీపు చూపాలి.

పైకప్పు దాటిపోయే గాలి అవతలి వాలు మీద పీడనాన్ని తగ్గిస్తుంది. దానివల్ల ఆ వైపు బరకం బయటికి, పైకి లాగబడుతుంది. తుపానులలో రేకులు లోపలికి కూలిపోవడం కంటే ఎగిరిపోవడమే ఎక్కువగా చూస్తాం. అందుకని గాలి తగలని వైపు మేకులను కూడా అశ్రద్ధ చేయరాదు.

శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టిళ్లు అని ఉండేవి. గుండ్రని మట్టిగోడ, దాని మీద దాదాపు నేలను తాకే గోపురంలాంటి తాటాకు కప్పు. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా దానికి చదునైన గోడ ఎదురుకాదు. కప్పు కిందికి దూరడానికీ సందు దొరకదు. సముద్రపు గాలి పక్కనే బతికినవాళ్లు నేర్చుకున్న పాఠం అది.

గాలి ఒకే రీతిగా వీచదు, విసురుగా వస్తుంది. ఆ విసురును తట్టుకోవడానికి పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి తాడుకూ మేకుకూ మధ్య కట్టండి. విసురు వచ్చినప్పుడు రబ్బరు సాగి, తాడుకు దెబ్బ తగలకుండా కాపాడుతుంది.

చోటు ఎంచుకోవడం

ఎంత బాగా కట్టినా చోటు చెడ్డదైతే లాభం లేదు. వాగు ఇసుక మెత్తగా ఉందని అక్కడ గుడారం వేయకండి. మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా, పైన కొండల్లో వాన పడితే వాగు నిమిషాలలో పొంగుతుంది. డ్యాములున్న నదులలో వదిలిన నీరు కూడా అంతే. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువ డ్యాము నుంచి వదిలిన నీటిలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. నదీగర్భం ఎంత పొడిగా కనిపించినా అది నీటి దారే. ఆ దారిలో మనం ఉండకూడదు.

ఒంటరి చెట్టు కింద, గుట్ట కొన మీద గుడారం వేయరాదు. పిడుగు అక్కడే పడే అవకాశం ఎక్కువ. మెరుపు కనిపించిన తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు మీకు సుమారు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్లు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు కదా, లెక్క కట్టి చూసుకోండి. అప్పుడు బరకాన్ని నమ్ముకోకుండా పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు.

పైన ఎండిన కొమ్మలు లేకుండా, నేల కొంచెం మెరకగా ఉండి ఒక పక్కకు వాలిన చోటు మంచిది. బరకం కింద పొయ్యి వెలిగించకండి. ప్లాస్టిక్ ఇట్టే అంటుకుంటుంది. అంతేకాక మూసిన గుడారంలో పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు చేరుతుంది.

కట్టే పద్ధతి

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల బరకం నలుగురు పిల్లలకు సరిపోతుంది.

1. గాలి ఎటునుంచి వస్తున్నదో పిడికెడు దుమ్ము ఎగరేసి చూడండి. గుడారం వాలు ఒకటి ఆ దిక్కుకు ఉండాలి.
2. రెండు చెట్ల మధ్య గాని, రెండు వెదురు కర్రల మధ్య గాని ఛాతీ ఎత్తున తాడు కట్టండి. కర్రలైతే ఒక్కొక్క కర్రను బయటికి లాగేలా రెండేసి తాళ్లు మేకులకు కట్టాలి.
3. బరకాన్ని తాడు మీద సగానికి మడిచినట్లు వేయండి. రెండు వైపులా 2 మీటర్లు దిగాలి.
4. ముందు గాలి వచ్చే వైపు అంచును, తరువాత రెండో అంచును నేల దగ్గర మేకులకు కట్టండి. ఎదురెదురు మూలలను ఒకదాని తరువాత ఒకటి బిగిస్తే ముడతలు రావు.
5. తాడుకు నీటిదారాలు కట్టండి. ఒక బకెట్టు నీళ్లు పైన పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచినచోట తాడు సరిచేయండి.

వాలు 45 డిగ్రీలు ఉంటే నడుమ ఎత్తు సుమారు 1.4 మీటర్లు, నేల వెడల్పు సుమారు 2.8 మీటర్లు వస్తాయి. నేల మీద ముందు ఎండుగడ్డి, దాని మీద చాప పరవండి. రాత్రి మన ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది కిందనున్న నేలే. గడ్డిలో చిక్కుకున్న గాలి ఆ వేడిని పోనివ్వదు. రెండు కొసలూ పూర్తిగా మూయకండి. మన ఊపిరిలోని నీటి ఆవిరి చల్లని బరకానికి తగిలి సాంద్రీకరణం చెంది బొట్లుగా మారుతుంది. పొద్దున్న బరకం లోపల తడి కనిపిస్తే కారిందనుకోకండి, అది మీ ఊపిరే!

చేసి చూడండి

ఒక స్ప్రింగు త్రాసు, అర కిలో బరువు, రెండు మీటర్ల పురికోస తెచ్చుకోండి. పురికోస ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను త్రాసు కొక్కేనికి తగిలించి మీరు పట్టుకోండి. నడుమ బరువు వేలాడదీయండి. పురికోసను మెల్లగా అడ్డంగా లాగుతూ త్రాసు ముల్లును చూడండి. ఏ దశలో అది అర కిలో చూపింది? ఎప్పుడు కిలో దాటింది? పురికోసను పూర్తిగా తిన్నగా చేయగలిగారా?

ఈ విద్య ఒక్క విహారానికే కాదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకినటువంటి తుపానులు ఇళ్లు పడగొట్టినప్పుడు, మళ్లీ కప్పు వేసుకునేదాకా ఎన్నో కుటుంబాలకు బరకమే ఇల్లు. రెడ్‌క్రాస్ వంటి సంస్థలు పంచే బరకం కొలత సాధారణంగా 4 × 6 మీటర్లు. అలాంటి రోజున మీ వీధిలో బరకం కట్టడం తెలిసినవారు ఒక్కరుంటే పది ఇళ్లలో పసిపిల్లలు తడవకుండా ఉంటారు.

చివరగా మీకొక లెక్క. ఆపద సమయంలో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల నీడ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. 4 × 6 మీటర్ల బరకాన్ని 6 మీటర్ల తాడు మీద సగానికి వేసి, 45 డిగ్రీల వాలుతో కడితే ఐదుగురున్న కుటుంబానికి సరిపోతుందా? 30 డిగ్రీలతో కడితే? అప్పుడు దేన్ని పోగొట్టుకుంటాం? కాగితం మీద చేసి, ఆ తరువాత బడి ఆవరణలో బరకం కట్టి, టేపుతో కొలిచి చూడండి. బకెట్టు నీళ్లు పోసి చూడటం మాత్రం మరచిపోకండి.